అటక మీది దొరటోపీకి కాలం కట్టడం ఎలా

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు పాత తెలుగు ఇళ్లలో అటక సర్దినప్పుడు, ఇత్తడి సామానుకూ దస్తావేజుల కట్టలకూ మధ్య అప్పుడప్పుడు ఒక ఫెల్టు టోపీ బయటపడుతూ ఉంటుంది. బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగం చేసిన తాతగారిదనో, జమీందారీ కచేరీలో మేనేజరుగా ఉన్న ముత్తాతగారిదనో, రంగూన్ నుంచి తెచ్చినదనో ఇంట్లో దానికి ఒక కథ కూడా ఉంటుంది. లోపలి అస్తరు మీద బంగారు రంగు అక్షరాలతో కంపెనీ పేరు, దాని కింద 1857 అనో 1773 అనో ఒక సంవత్సరం కనిపించగానే టోపీ వయసు తేలిపోయిందనుకుంటారు. ఆ అంకె కంపెనీ పుట్టిన సంవత్సరం మాత్రమే. బోర్సలినో కంపెనీ ఇటలీలోని అలెస్సాండ్రియాలో 1857లో మొదలైంది. ఇంగ్లండులోని క్రిస్టీస్ తన పుట్టుకను 1773గా చెప్పుకుంటుంది. కంపెనీ బతికి ఉన్నంతకాలం ఆ అంకె టోపీల మీద పడుతూనే ఉంటుంది కనుక, దాని వల్ల టోపీ వయసు గురించి మనకు తెలిసేది దాదాపు శూన్యం.

సైన్యం కోసం తయారైన వాటిని పక్కన పెడితే, ఫెల్టు టోపీ మీద తయారీ సంవత్సరం నేరుగా ముద్రించి ఉండడం అరుదు. అందువల్ల కాలం కట్టడమంటే ఒక తేదీని వెతికి పట్టుకోవడం కాదు, రెండు హద్దుల మధ్య టోపీని నిలబెట్టడం. పొలం కొలిచే అమీను ముందు హద్దురాళ్లు చూసుకుని ఆ తరువాతే విస్తీర్ణం మాట్లాడినట్టు, ఇక్కడ కూడా ప్రతి గుర్తునూ ఒకే ప్రశ్న అడగాలి: ఇది ‘ఫలానా ఏటికి ముందుది కాదు’ అని చెబుతోందా, లేక ‘ఫలానా ఏటికి తరువాతది కాదు’ అని చెబుతోందా? మొదటిదాన్ని తొలి హద్దు అనీ, రెండోదాన్ని మలి హద్దు అనీ పిలుచుకుందాం. ఈ రెండింటి బలం ఒకటి కాదు. కొత్తగా వచ్చిన పేరు, కొత్త నాణెం, కొత్త పదార్థం ఏదైనా తొలి హద్దును గట్టిగా చెబుతుంది, ఎందుకంటే పుట్టని దాన్ని ఎవరూ ముందుగా వాడలేరు. పాత పేరు మాత్రం మలి హద్దును మెత్తగానే చెబుతుంది. వేలకొద్దీ అచ్చు వేయించుకున్న లేబుళ్లను ఏ దుకాణదారూ ప్రభుత్వం ఊరి చిరునామా మార్చిన మరునాడే పారేయడు. ఈ తేడాను మరిచిపోవడం వల్లనే సేకరణకారుల లెక్కలు ఎక్కువగా తప్పుతుంటాయి.

ఆధారాల జోలికి వెళ్లే ముందు వస్తువు సంగతి కొంత తెలియాలి. ఫెల్టు నేసిన బట్ట కాదు. వేడి, తడి, ఒత్తిడి కలిసినప్పుడు వెంట్రుకలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని గట్టిపడిన ముద్ద అది. గొర్రె ఉన్నితో చేసినది చవక రకం. కుందేలు, చెవులపిల్లి, బీవరు వంటి జంతువుల మెత్తని లోబొచ్చుతో చేసినది ఖరీదైన రకం. బొచ్చు ఫెల్టు పలచగా ఉండి కూడా గట్టిగా ఉంటుంది, వేలితో నొక్కి వదిలితే మడత నిలవకుండా తిరిగి లేస్తుంది, వానకు తడిసినా రూపం అంత తొందరగా చెడదు. ఉన్ని ఫెల్టు కాస్త గరుకుగా, మందంగా ఉండి, తడిసి ఎండితే బిగుసుకుపోతుంది. ఈ రెండింటినీ గుర్తుపట్టడం వల్ల తేదీ తేలదు గాని టోపీ ఏ స్థాయిదో తేలుతుంది.

బొచ్చు సులభంగా అతుక్కోవడానికి దాన్ని చాలాకాలం పాదరసపు లవణంతో, అంటే మెర్క్యురిక్ నైట్రేట్ ద్రావణంతో తడిపేవారు. ఆ ఆవిరి పీల్చిన కార్మికులకు చేతులు వణకడం, మతి చలించడం వంటి జబ్బులు వచ్చేవి. అమెరికా టోపీ పరిశ్రమ 1941లో ఈ పద్ధతిని విడిచిపెట్టింది. ఇతర దేశాలలో అది ఒకేసారి ఆగలేదు. పాత బొచ్చు ఫెల్టులో పాదరసం అవశేషాలు ఉండవచ్చునని మ్యూజియంలలో జరిపిన పరీక్షలు చూపించాయి కనుక, అటక మీద దొరికిన టోపీని మూసిన గదిలో ఆవిరి పట్టడం, పిల్లలకు ఆటవస్తువుగా ఇవ్వడం మంచిది కాదు, ముట్టుకున్న తరువాత చేతులు కడుక్కోవాలి. గుండ్రని తలభాగం ఉండే బౌలర్ వంటి గట్టి టోపీలను బిగించినది లక్క. భారతదేశపు అడవుల నుంచి ఎగుమతైన లక్కే శుద్ధి అయి, ఇంగ్లండు కార్ఖానాలలో ఫెల్టుకు పట్టి, తిరిగి ఇక్కడి అధికారుల తలల మీదికి చేరింది. మొదటి బౌలర్‌ను 1849లో లండన్‌లోని లాక్ దుకాణం ద్వారా ఒక భూస్వామి కుటుంబీకుడు తన వేటకాపలాదార్ల కోసం చేయించాడు. ఆ దుకాణం 1676 నుంచీ ఉంది.

ఆకారాన్ని బట్టి కాలం చెప్పడం అందరూ మొదట చేసే పని, అన్నిటికన్నా తక్కువ నమ్మదగిన పని కూడా. అంచు చుట్టూ రిబ్బను కుట్టి, పక్కలు పైకి వంచి, నడినెత్తిన ఒకే గాడి ఉన్న హోంబర్గ్ రకం 1880ల నాటికి వేల్స్ యువరాజు జర్మనీలోని బాద్ హోంబర్గ్ నుంచి తెచ్చి వాడడంతో వ్యాపించింది. మెత్తని ఫెడోరాలలో 1930లు, 1940ల నాటివాటికి అంచు వెడల్పు, తలభాగం ఎత్తు, చుట్టూ ఉన్న రిబ్బను వెడల్పు కూడా ఎక్కువ. 1950ల చివరి నుంచి 1960లలోకి వచ్చేసరికి అంచు రెండంగుళాల లోపుకు కుదించుకుపోయింది, రిబ్బను సన్నబడింది. ఇది పాశ్చాత్య నగరాల లెక్క. లండన్‌లో పోయిన ఫ్యాషన్ గంజాం జిల్లాలో మరో పదిహేనేళ్లు బతకడానికి అడ్డేమీ లేదు, పైగా ఫెల్టును ఆవిరి పట్టి ఎవరికి నచ్చినట్టు వాళ్లు మళ్లీ వంచుకోవచ్చు. అందుచేత ఆకారాన్ని సాక్షిగా పిలవవచ్చు గాని, దాని మాట మీద తీర్పు చెప్పకూడదు.

మన ప్రాంతంలో కనిపించదగిన మరో రకం డబుల్ టెరాయ్. రెండు పలచని ఫెల్టు టోపీలను ఒకదానిలో ఒకటి అమర్చి మధ్యలో గాలి ఆడే సందు ఉంచిన వెడల్పు అంచు టోపీ ఇది. ఎండ దేశాలలో తిరిగే దొరల కోసమే పుట్టింది. జీలుగు బెండుతో చేసిన సోలా టోపీ అడవిలో, పట్టాల మీద, పొలాల్లో ఎక్కువగా తిరిగింది. అది ఫెల్టు కాదు కనుక దాని చరిత్ర వేరు. అయినా అటక మీద ఈ రెండూ తరచు ఒకే పెట్టెలో ఉంటాయి, ఒకదాని పెట్టె మీది లేబులు మరొకదానికి తేదీ కట్టేస్తుంది. టోపీ ఆ పెట్టెతోనే కొన్నదా కాదా అన్నది కొలత చూసి తేల్చుకోవాలి. బ్రిటిష్ కొలతలో 7 అన్నది అమెరికా కొలతలో 7⅛. రెండూ 57 సెంటీమీటర్ల తలకే. పెట్టె మీద 7 అని ఉండి, లోపలి చీటీ మీద 7⅛ అని ఉంటే ఒక దేశపు పెట్టెలో మరో దేశపు టోపీ ఉందేమోనని అనుమానించాలి.

చెమట పట్టీ కింద

టోపీ లోపల తలకు ఆనే తోలు పట్టీని జాగ్రత్తగా కిందికి మడిచి చూడడం కాలం కట్టేవారి అసలు పని. అంకెల చీటీలు, కార్మిక సంఘపు ముద్రలు, దుకాణం వేసిన ధర గుర్తులు, యజమాని దూర్చిన కాగితాలు అన్నీ అక్కడే ఎండకూ చెమటకూ కాస్త తప్పించుకుని ఉంటాయి. తోలు ఎండిపోయి పెళుసుగా ఉంటే బలవంతంగా మడవకూడదు. ఒకసారి పగిలిన పట్టీ మళ్లీ కలవదు, పగిలిన చోటనే చీటీ కూడా చిరుగుతుంది. పట్టీ ఫెల్టుతో కలిసే చోట సన్నని పుల్లనో తీగనో పొదిగిన పైపు లాంటి కుట్టు ఉంటే అది మెరుగైన పనితనం. పట్టీని నేరుగా ఫెల్టుకు కుట్టేసినది సాధారణంగా చవక రకం. వెనక వైపు పట్టీ రెండు కొసలూ కలిసే చోట ఉండే చిన్న రిబ్బను ముడి టోపీకి ముందేదో వెనకేదో చెబుతుంది.

అమెరికా టోపీలలో పట్టీ కింద కనిపించే కార్మిక సంఘపు చీటీ చాలా విలువైనది. టోపీ కార్మికుల సంఘం యునైటెడ్ హ్యాటర్స్ ఆఫ్ నార్త్ అమెరికా పేరుతో 1896లో ఏర్పడింది. 1934లో గుడ్డ టోపీల, ఆడవారి టోపీల కార్మికుల సంఘంతో కలిసి యునైటెడ్ హ్యాటర్స్, క్యాప్ అండ్ మిలినరీ వర్కర్స్ అన్న పొడుగు పేరు తెచ్చుకుంది. 1983లో ఇంకా పెద్ద సంఘంలో కలిసిపోయింది. పొడుగు పేరు ఉన్న చీటీ కనిపిస్తే తొలి హద్దు 1934. అదే విధంగా అమెరికా దుకాణపు చిరునామాలో ఊరి పేరు తరువాత ఒకటి రెండంకెల మండల సంఖ్య ఉంటే 1943కు ముందుది కాదు, అయిదంకెల జిప్ కోడు ఉంటే 1963కు ముందుది కాదు. వలయంలో ఆర్ అక్షరం పెట్టే వాణిజ్య ముద్ర 1946 నాటి చట్టం తరువాతది.

స్టెట్సన్ టోపీ దొరికిందని సంబరపడే వారికి రెండు జాగ్రత్తలు చెప్పాలి. జాన్ బి. స్టెట్సన్ 1865లో ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టిన ఆ కంపెనీ తన కార్ఖానాను 1971లో మూసేసింది. ఆ తరువాత అదే పేరును అనుమతితో వేరే కంపెనీలు వాడుకున్నాయి. కనుక ఫిలడెల్ఫియా అని ఉన్నది ఒక రకం, పేరు మాత్రమే ఉన్నది మరో రకం. రెండోది, నాణ్యతను చూపడానికి వేసే ఎక్స్ గుర్తులు. వాటి లెక్క కాలంతో పాటు పెరుగుతూ పోయింది కనుక, పాత టోపీ మీది మూడు ఎక్సులను కొత్త టోపీ మీది పదింటితో పోల్చి ఏది గొప్పదో తేల్చడం దండగ.

ఇంగ్లండు టోపీలలో రాజముద్ర కింది మాటలను చదవాలి. ‘రాజుగారికి సరఫరాదారులు’ అని ఉంటే విక్టోరియా రాణి చనిపోయిన 1901కీ, ఆరో జార్జి చనిపోయిన 1952కీ మధ్యది కావచ్చు. ‘రాణిగారికి’ అని ఉంటే 1901కి ముందుది గాని 1952 తరువాతది గాని అయ్యుండే అవకాశం ఎక్కువ. 2022 నుంచి మళ్లీ రాజే వచ్చాడు కాబట్టి, ఈ గుర్తు రాబోయే తరం సేకరణకారులకు కొత్త తలనొప్పి తెచ్చిపెడుతుంది. ఇటలీ టోపీలలో కంపెనీ పేరు చివర ఉండే అక్షరాలను చూడాలి: 1942 నాటి పౌరస్మృతికి ముందు అక్కడి వాటాదారుల సంస్థలు ఎస్.ఏ. అని రాసుకునేవి, తరువాత ఎస్.పి.ఏ. అని రాసుకున్నాయి.

పదార్థాల సాక్ష్యం దీనికి తోడు. రిబ్బను లోపలి కుట్టు నుంచి పీకిన ఒక్క పోగును పటకారుతో పట్టి వెలిగిస్తే, పట్టు జుట్టు కాలిన వాసన వేస్తుంది, నూలూ రేయానూ కాగితం కాలిన వాసన వేస్తాయి, నైలానూ పాలియెస్టరూ కరిగి గట్టి పూసలా మిగులుతాయి. కరిగిన పోగు కనబడితే ఆ కుట్టు రెండో ప్రపంచ యుద్ధానికి ముందుది కాదనే చెప్పుకోవచ్చు. అతినీలలోహిత టార్చి వేసినప్పుడు దారమో చీటీయో నీలంగా మెరిసిపోతే అందులో తెల్లదనం పెంచే రసాయనం ఉందన్నమాట. ఆ రసాయనాలు యుద్ధం తరువాతే విస్తారంగా వాడుకలోకి వచ్చాయి. అయితే టినోపాల్ వంటివి కలిపిన నీళ్లలో ఎప్పుడో ఒకసారి ముంచిన పాత నూలు కూడా అలాగే మెరుస్తుంది. కాబట్టి మెరవకపోవడానికి ఉన్న విలువ మెరవడానికి లేదు.

ఇక్కడ మరో చిక్కు ఉంది. టోపీ ఒకే వస్తువు కాదు: ఫెల్టు, రిబ్బను, పట్టీ, అస్తరు వేర్వేరు వయసులవి కావచ్చు. రిబ్బను మారిందో లేదో తెలుసుకోవడానికి దాన్ని రవ్వంత ఎత్తి కింది రంగు చూడాలి. ఎండకు వెలవని ఫెల్టు సరిగ్గా రిబ్బను వెడల్పునే ఉంటే అది మొదటి రిబ్బనే అయ్యుండాలి. రిబ్బనుకు పైన మరో ముదురు చార కనిపిస్తే, ఒకప్పుడు వెడల్పయినది ఉండేదనీ, తరువాత ఎవరో సన్నది వేయించారనీ అర్థం. మగవారి టోపీలో ఈ బయటి రిబ్బను ముడి ఎడమ పక్కకు ఉండడం ఆనవాయితీ. కుడి పక్కన ఉంటే అది ఆడవారి టోపీయో, తిరిగి కుట్టినదో అయ్యుండవచ్చు.

చిరునామాయే పెద్ద సాక్షి

కంపెనీల ముద్రలు దశాబ్దాల తరబడి మారకుండా ఉంటాయి. మన ఊళ్ల చిరునామాలూ మన నాణేలూ మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో పదే పదే మారాయి. అందువల్ల గంజాం, కోరాపుట్ ప్రాంతాల్లో దొరికే టోపీకి అలెస్సాండ్రియా లేబులు కన్నా, దాన్ని అమ్మిన దుకాణం అంటించిన చిన్న చీటీయే ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. సేకరణ మీద ఇంగ్లీషులో వచ్చే రాతలన్నీ అమెరికా, ఐరోపా గుర్తుల చుట్టూనే తిరుగుతాయి గనుక ఈ సంగతి మనమే పట్టించుకోవాలి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. అంతకు ముందు బరంపురంతో సహా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. జయపురం సంస్థానం, దాని చుట్టూ ఉన్న ఏజెన్సీ విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. పర్లాకిమిడి జమీందారీని ఆ సరిహద్దు గీత రెండుగా చీల్చింది, పట్టణం ఒరిస్సాలోకి పోగా కొంత భాగం మద్రాసులోనే మిగిలింది. కనుక బరంపురం దుకాణం చీటీ మీద ‘ఒరిస్సా’ అని ఉంటే తొలి హద్దు 1936, అందులో సందేహం అక్కర్లేదు. ‘మద్రాసు ప్రెసిడెన్సీ’ అని ఉంటే మలి హద్దు 1936 అనుకోవచ్చు గాని, పాత చీటీలు అయిపోయేదాకా వాడుకుని ఉంటారని కొన్నేళ్లు సడలింపు ఇవ్వాలి. కటకం దుకాణం చీటీ విషయంలో ఈ లెక్క పనిచేయదు, ఎందుకంటే కటకం 1912 నుంచే బీహారు ఒరిస్సా రాష్ట్రంలో ఉంది, ఒరిస్సా అన్న మాట దాని చిరునామాలో అంతకన్నా ముందు కూడా ఉండవచ్చు. ఇక రాయగడ, గజపతి జిల్లాల పేర్లు చిరునామాలో జిల్లాలుగా కనిపిస్తే అది 1992 తరువాతి చీటీ. ఒడిశా అన్న వర్ణక్రమం 2011 తరువాతది. ఇంత కొత్త చీటీ పాత టోపీ మీద ఉంటే అది పాత సామాన్ల దుకాణందారు అంటించినదే అయ్యుంటుంది.

రెండు ఊళ్ల పేర్లు మరీ మోసం చేస్తాయి. బెంగాల్‌లో ముర్షిదాబాదు దగ్గర మరో బరంపురం ఉంది. ఇంగ్లీషులో రెండింటి వర్ణక్రమమూ చాలాకాలం కలగాపులగంగా సాగింది. పక్కన గంజాం అన్న మాట గాని దాని పొట్టి రూపం గాని లేకపోతే, చీటీ మన బరంపురానిదని తొందరపడి రాసుకోకూడదు. అలాగే వలస కాలపు ఇంగ్లీషులో రాజపుటానా జైపూరునూ, కోరాపుట్ పక్కన ఉన్న జయపురాన్నీ ఒకే అక్షరాలతో రాసేవారు. రాజస్థాన్ పాత సామాన్ల వ్యాపారి దగ్గర కొన్న టోపీని జయపురం సంస్థానపు టోపీగా చెప్పి అమ్మడానికి ఈ ఒక్క పోలిక చాలు.

ధర చీటీ ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు ఉన్న రోజుల్లో ధరను మూడు అంకెలుగా, మధ్య గీతలతో రాసేవారు: 12-8-0 అంటే పన్నెండున్నర రూపాయలు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాక అదే ధర 12.50 అయింది. 1964 దాకా కొత్త నాణేలను నయా పైసలు అన్నారు, ఆ ఏడాది జూన్ నుంచి నయా అన్న మాటను తీసేశారు. నయా పైసల గుర్తు ఉన్న చీటీకి ఈ విధంగా రెండు పక్కలా హద్దులు దొరుకుతాయి, అది ఏడేళ్ల సందు మాత్రమే. పాత వస్తువుల లోకంలో అంత ఇరుకైన సందు దొరకడం భాగ్యమే. అణాల ధరకు మాత్రం 1957 తరువాత రెండు మూడేళ్ల సడలింపు ఇవ్వాలి, ఆ రోజుల్లో పాత నాణేలూ కొత్తవీ కలిసే చలామణి అయ్యాయి. చిరునామాలో ఆరంకెల పిన్ కోడు ఉంటే, బరంపురానికైతే 760తో మొదలయ్యేది, తొలి హద్దు 1972 ఆగస్టు 15.

దిగుమతి సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. యుద్ధం వల్ల 1940లోనే దిగుమతులపై నియంత్రణ మొదలైంది, 1947లో దానికి చట్టరూపం వచ్చింది. అందువల్ల ఇంగ్లండులోనో ఇటలీలోనో తయారై, కలకత్తా, మద్రాసు, బరంపురం దుకాణాల చీటీతో ఇక్కడ అమ్ముడైన టోపీ 1940కి ముందుది అయ్యుండే అవకాశం ఎక్కువ. ఇది హద్దు కాదు, మొగ్గు మాత్రమే. తమతో విదేశాల నుంచి టోపీ తెచ్చుకున్నవారికి ఇది వర్తించదు, వారి టోపీలో ఇక్కడి దుకాణం చీటీ కూడా ఉండదు. మద్రాసు, కలకత్తాలలో వైట్‌అవే లెయిడ్లా వంటి పెద్ద దుకాణాలు, రంగూన్‌లో రోవే అండ్ కంపెనీ ఇలాంటి సరుకు అమ్మేవి. గంజాం, విశాఖ తీరాల నుంచి రంగూన్ వెళ్లిన మనవాళ్లు ఎందరో 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు తిరిగి వచ్చారు. రంగూన్ ఆ ఏడాది మార్చిలో పడిపోయింది. రంగూన్ దుకాణం చీటీ ఉన్న టోపీకి ఆ ఏడే మలి హద్దని చెప్పాలనిపిస్తుంది. కాని ఆ కుటుంబం యుద్ధం తరువాత మళ్లీ బర్మా వెళ్లిందా అని ఒక మాట అడగాలి. నడిచి వచ్చిన వారు టోపీ పెట్టెను మోసుకొచ్చారంటే ఆ కథను మరికాస్త తరచి చూడడం కూడా తప్పు కాదు.

యుద్ధకాలపు వెడల్పు అంచు టోపీలు బర్మా వైపు పోరాడిన సైన్యాల ద్వారా ఈ తీరంలో కొన్ని మిగిలాయి. వీటి విషయంలో కాలం కట్టడం తేలిక. బ్రిటిష్ ప్రభుత్వపు సొత్తు మీద బాణం గుర్తు ఉంటుంది, భారత సైన్యపు సరుకులో ఆ బాణం కింద ఐ అక్షరం ఉంటుంది, ఆస్ట్రేలియా సరుకులో బాణానికి రెండు పక్కలా డి అక్షరాలు ఉంటాయి. పక్కనే సంవత్సరం కూడా ముద్రించి ఉండడం మామూలు. చెమటకు చెరిగిపోయిన ముద్రను పక్క నుంచి వెలుతురు వేసి చదవాలి.

కాగితం, ఫోటో, నాటకాల పెట్టె

టోపీ వదులుగా ఉంటే పట్టీ కింద పాత పేపరు మడిచి దూర్చడం అన్ని దేశాల్లో ఉన్న అలవాటు. ఆంధ్రపత్రిక ముక్కో ఒడియా పత్రిక సమాజ ముక్కో దొరికి, దాని మీద తేదీ కూడా కనిపిస్తే సేకరణకారుడి ఆనందానికి హద్దు ఉండదు. కాని ఆ తేదీ నిజంగా ఏం చెబుతోంది? పేపరు అచ్చయిన తరువాతే దాన్ని మడిచి పెట్టారని చెబుతోంది, అంతే. టోపీ దానికి పదేళ్ల ముందుది కావచ్చు. పాత పేపరును కొత్త టోపీలో దూర్చారంటే టోపీయే పేపరు కన్నా కొత్తది కావచ్చు. దినపత్రికను ఏళ్ల తరబడి దాచుకుని తలకు పెట్టుకునేవారు తక్కువ కనుక, ఆ తేదీ ప్రాంతంలో టోపీ వాడుకలో ఉందని మాత్రం నమ్మవచ్చు. పేపరుకు తేదీ లేకపోయినా పత్రిక పేరు పనికొస్తుంది: ఆంధ్రపత్రిక మద్రాసు నుంచి దినపత్రికగా వచ్చింది 1914 నుంచి, సమాజ మొదలైంది 1919లో.

కుటుంబ ఫోటోలో అదే టోపీ ఉందని చూపించేవారికి ఒక ప్రశ్న వేయాలి, ఫోటో ఎక్కడ తీసినదని. పాత స్టూడియోలలో కోటు, కర్ర, టోపీ స్టూడియో వాళ్లవే ఉండేవి. ఆరుబయట తీసిన రైల్వే సిబ్బంది గుంపు ఫోటోకు ఉన్న విలువ తెర ముందు నిలబడి తీయించుకున్న ఫోటోకు లేదు. బరంపురం, పర్లాకిమిడి వంటి ఊళ్లలో నాటక సమాజాల పెట్టెల నుంచి వచ్చిన టోపీల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. దొర వేషానికీ ఇనస్పెక్టరు వేషానికీ ఒకే టోపీని మార్చి మార్చి వాడి ఉంటారు, అంచు కత్తిరించి ఉంటారు, నల్లరంగు పూసి ఉంటారు. అది నాటక చరిత్రకు మంచి వస్తువు, టోపీల సేకరణకు మాత్రం చిక్కుముడి.

వీటన్నిటినీ ఒక ఊహా ఉదాహరణతో కలిపి చూద్దాం. గుణుపురంలో ఒక ఇంట్లో గోధుమరంగు బొచ్చు ఫెల్టు టోపీ దొరికిందనుకుందాం. అస్తరు మీద ఇంగ్లండు కంపెనీ పేరు, రాజుగారికి సరఫరాదారులన్న ముద్ర. పట్టీ కింద ‘బరంపురం, గంజాం, ఒరిస్సా’ అని దుకాణం చీటీ, దాని మీద సిరాతో 14-8-0. రిబ్బను సన్నగా ఉంది, దాని కుట్టుదారం టార్చి కింద మెరిసింది, రిబ్బనుకు పైన ముదురు చార ఉంది. రాజముద్ర 1901 నుంచి 1952 దాకా అంటుంది. ఒరిస్సా అన్న మాట తొలి హద్దును 1936కు లాక్కొస్తుంది. అణాల ధర మలి హద్దును 1957 దగ్గర మెత్తగా నిలబెడుతుంది, అది రాజముద్ర చెప్పిన దానికన్నా వదులు. దిగుమతి నియంత్రణ మొగ్గును 1940 వైపు తిప్పుతుంది. సన్న రిబ్బను చూసి ఇది 1960ల టోపీ అనేవారికి ముదురు చారే జవాబు: రిబ్బను తరువాత మార్చినది. కనుక కార్డు మీద రాయవలసింది ఇలా ఉంటుంది: 1936కు ముందు అమ్మినది కాదు; 1950ల మొదటి ఏళ్లు దాటినది కాకపోవచ్చు; బహుశా 1936కూ 1940కీ మధ్యది; రిబ్బను యుద్ధం తరువాతది. ఇందులో అమ్మిన తేదీ, తయారైన తేదీ వేరని కూడా గమనించాలి. సరుకు ఓడలో రావడానికీ, దుకాణంలో మూలుగుతూ ఉండడానికీ కొంతకాలం పట్టి ఉంటుంది.

కాలం కట్టకముందే శుభ్రం చేయాలన్న తొందర చాలా టోపీల చరిత్రను తుడిచిపెడుతుంది. మెత్తని బ్రష్షుతో బొచ్చు వాలిన వైపుకు దుమ్ము దులపడం తప్ప మొదట మరేమీ చేయకూడదు. పట్టీకి నూనె పట్టిస్తే కింది కాగితం మరకపడుతుంది, సిరా అలుక్కుపోతుంది. గోపాల్‌పూర్ నుంచి వచ్చే ఉప్పుగాలీ, వానాకాలపు చెమ్మా బూజును పెంచుతాయి. చిమ్మటలు ఉన్నినీ బొచ్చునూ ఇష్టంగా తింటాయి. పురుగు పట్టిన టోపీని గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, ఇంటి ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. బయటకు తీశాక సంచి విప్పకుండా గది వేడికి రానివ్వాలి, లేకపోతే చెమ్మ ఫెల్టు మీదే కూర్చుంటుంది. మేకుకు తగిలిస్తే తలభాగం సాగుతుంది, అంచు మీద నిలబెడితే అంచు చదునవుతుంది, అందుకని తలకిందులుగానో లోపల కాగితం కూరి కాస్త ఎత్తులోనో పెట్టాలి. నాఫ్తలీన్ ఉండలను టోపీకి తగలనివ్వకూడదు.

కొనేవారు అమ్మేవారిని అడగవలసినది కంపెనీ పేరు ఉన్న ఫోటో కాదు, పట్టీ మడిచి తీసిన ఫోటో. తోలు పెళుసుగా ఉంది, మడవలేమని అంటే ఆ మాట న్యాయమైనదే కావచ్చు. అప్పుడు దానికి ఆకారానికీ ఫెల్టు నాణ్యతకూ తగ్గ ధర ఇవ్వవచ్చు గాని, తేదీకి మాత్రం ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వనక్కర్లేదు.